జపాను బొమ్మకు మ్యాచింగ్

బోగోలు సెంటర్లో ఆనందకుమారి మ్యాచింగ్ సెంటరు తెలియదన్నవాళ్ళు నిన్న మొన్న బస్సు దిగినవాళ్ళన్నా అయివుండాలి, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెవిన పెట్టని మగవాళ్ళన్నా అయివుండాలి. పదడుగుల వెడల్పు కొట్టు. మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా జాకెట్టు గుడ్డల తానులు. చిలకపచ్చ పక్కన రామాగ్రీను, దాని పక్కన పాచిరంగు, ఆ పక్కన మామిడిచిగురు. మీకూ నాకూ అన్నీ ఆకుపచ్చే. ఆ మాట ఆనందకుమారి ముందు అని చూడండి, "కళ్ళ డాక్టరు కావలిలో ఉండాడు, బస్సెక్కండి" అని మొహం మీదే చెప్పేస్తుంది.

వసారాలో ఆమె భర్త పరంజ్యోతి కుట్టుమిషను. చీరలకు ఫాల్ కుట్టడం, జాకెట్లు కుట్టడం, భార్య మీద జోకులు వెయ్యడం ఆయన పనులు. మూడోదానికి ఎవరూ అడక్కపోయినా ఓవర్‌టైము చేస్తాడు.

ఆమె పని చేసే తీరు చూసి తీరాలి. చీర కౌంటరు మీద పడగానే ఒళ్ళు చూడదు, అంచు చూస్తుంది. జాకెట్టు కలవాల్సింది అంచుకు కదా, ఒంటితో ఆమెకేం పని! అంచు మీద ఒక్క చూపు, అంతే. తల తిప్పకుండానే చెయ్యి వెనక అరలోకి పోతుంది, గుడ్డ తాను బయటికొస్తుంది. అక్కడితో అయిపోయిందా? లేదు. "ట్యూబులైటు అబద్ధాలకోరు మే, బయటికి రా" అంటూ చీరను ఒక భుజం మీదా, తానును ఇంకో భుజం మీదా వేసుకొని, మొగుడి మిషను పక్కనుంచి దూరి రోడ్డు మీది ఎండలోకి నడుస్తుంది. ఆటోలు హారన్లు కొడుతూనే ఉంటాయి. ఆమె రెండింటినీ ఎండకు ఎత్తిపట్టి "ఊఁ, చూసుకో" అంటుంది. ఆ చూసుకోమనడం ఉత్త మర్యాద. ఆనందకుమారి చూశాక ఇంకొకరు చూసేదేముంది?

ఆమెకు సెంటు పొలం లేదు. బిడ్డలు కూడా లేరు. ఉన్న ఆస్తల్లా ఒక్కటే, "ఆనందమ్మ కన్ను తప్పదు" అనే పేరు. కోవూరు నుంచి, వాకాడు నుంచి కూడా ఆడవాళ్ళు సంచుల్లో చీరలు పెట్టుకొని రెండు బస్సులు మారి వచ్చేది ఆ పేరు కోసమే. ఆ పేరు పోయిందనుకోండి, మిగిలేది గుడ్డలు. గుడ్డలు ఎవరి కొట్లోనైనా దొరుకుతాయి. ఈ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే జపాను దాకా పోవాలి. భయపడకండి, తొందరగానే వచ్చేద్దాం.

ఇరవై ఏడేళ్ళ కిందట, సముద్రపు ఒడ్డున ఎక్కడ చూసినా రొయ్యల గుంటలు తవ్వుతున్న రోజుల్లో, మస్తానయ్య, కామాక్షయ్య అని ఇద్దరు స్నేహితులు పొత్తులో ఎనిమిది ఎకరాల గుంట వేశారు. ఒకే మోటారు, ఒకే కాపలా గుడిసె, ఒకే క్యారియరులో అన్నం. "మీ ఇద్దరికీ ఒకే పెళ్ళాం చాలునేమో, అనవసరంగా ఇద్దర్ని కట్టుకున్నారు" అని వాళ్ళ భార్యలే ఎగతాళి చేసేవాళ్ళు. వాళ్ళ రొయ్యను కొన్న కంపెనీ మనుషులతో ఒకసారి ఒక జపానాయన వచ్చాడు. గుంట గట్టు మీద గొంతుకూర్చొని, అరచేతిలో రొయ్యను పెట్టుకొని, పురిటిబిడ్డను చూసినట్టు చూశాడట. ముచ్చట పడిపోయాడు. పోయేరోజు మస్తానయ్య ఊళ్ళో లేడు, నెల్లూరు వెళ్ళాడు. అందుకని జపానాయన తమ దేశపు బొమ్మలు రెండు కాగితంలో చుట్టి కామాక్షయ్య చేతికిచ్చి, మీకొకటి, మీ స్నేహితుడికొకటి అని వంగి దండం పెట్టి కారెక్కాడు.

అవి చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన పాత బొమ్మలు. రెండూ ఒకే బొమ్మ. సాయంత్రం వేళ వానలో రేవుకు తిరిగొస్తున్న మూడు పడవలు, ఒడ్డున ఎర్ర గొడుగేసుకొని నిలబడ్డ ఒక మనిషి. గీతకు గీత, చినుకుకు చినుకు అచ్చం ఒకటే. రంగు దగ్గరే వచ్చింది తంటా. కామాక్షయ్య బొమ్మలో పైన ఆకాశం నిండు నెమలికంఠం రంగు. మస్తానయ్య బొమ్మలో ఆకాశం వెలవెలబోతూ ఉంది.

మస్తానయ్యకు కడుపు మండింది. రొయ్యల మనిషి కదా, ఆయన లెక్కలో లోకంలోని ప్రతి వస్తువుకీ కౌంటు ఉంటుంది. కిలోకు ముప్ఫై తూగితే పెద్ద రొయ్య, మొదటి రకం. యాభై తూగితే చిన్న రొయ్య, రెండో రకం. "అయితే వాడికి ముప్ఫై కౌంటు బొమ్మ, నాకు యాభై కౌంటు బొమ్మానా? జపానాయన ఇట్ట చెయ్యడు. వీడే నేను లేంది చూసి మంచిది నొక్కేసినాడు" అన్నాడు. కామాక్షయ్య "రెండూ మంచివే గదరా" అన్నాడు. "మంచిదే అయితే నాది ఇట్టెందుకుండాది?" అన్నాడు ఈయన. మాట మీద మాట పెరిగి, గట్టు మీద మనుషులు పోగై, వాళ్ళలో ఎవరో "సెంటర్లో కొత్తగా మ్యాచింగ్ కొట్టు పెట్టిన పిల్ల ఉండాది గదా, రంగు సంగతి ఆమెనడగండి" అన్నారు.

అప్పటికి ఆనందకుమారికి ముప్ఫై ఒక్కటి. కొట్టు పెట్టి నాలుగు నెలలు. రోజుకు పదిమంది వస్తే గొప్ప. అట్లాంటిది ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ వెనక ముప్ఫై మంది, చేతుల్లో చీరలు లేకుండా వచ్చి నిలబడేసరికి ఆమె బెదిరిపోయింది. బెదిరినట్టు కనపడితే కొట్టు మూసుకోవాల్సిందేనని కూడా తెలుసు. బొమ్మలు రెండూ తీసుకొని రోడ్డు మీదికి నడిచింది. ఎండకు ఎత్తిపట్టింది. బొమ్మల్లో పైనున్న ఆకాశం మీద అటొక చూపు, ఇటొక చూపు చూసింది.

"డిజైను ఒకటే గానీ లాటు వేరన్నా. ఇది మొదటి లాటు. అది రంగు పలచబడినాక వేసింది. సెకండ్సు" అంది.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గుంపు గుంపంతా "అబ్బా!" అన్నది. జపాను వాడి రంగునే పట్టేసిందిరా అని ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆ వారం కొట్టు ముందు చీరలతో నిలబడ్డ ఆడవాళ్ళను చూసి పరంజ్యోతి ఇంకో మిషను కొందామా అన్నాడు. ఇక ఆ వైపు, నెల తిరక్కుండానే ఎనిమిది ఎకరాల గుంట మధ్యలో మట్టిగట్టు లేచింది. అటు నాలుగు, ఇటు నాలుగు. మోటార్లు రెండు, గుడిసెలు రెండు. ఆ గట్టు మీద ఎదురుపడితే మస్తానయ్య సముద్రం వైపు చూసేవాడు, కామాక్షయ్య తాటిచెట్ల వైపు చూసేవాడు.

ఆనందకుమారి బాధపడలేదా అంటే, పడింది. ఒక పూట. ఆ తర్వాత "ఉండేది ఉండేట్టు చెప్పినా, నాదేం తప్పు" అనుకొని, అట్లా అనుకోవడం అలవాటై, ఇరవై ఏడేళ్ళు హాయిగా జాకెట్టు గుడ్డలు అమ్ముకొంది. కొత్తగా వచ్చిన ప్రతి కోడలికీ ఆ జపాను కథ ఆమే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ జపానాయన ఒక అంగుళం పొడుగయ్యేవాడని పరంజ్యోతి అంటాడు.

మొన్న ఆగస్టులో మస్తానయ్య మనవరాలు వెన్నెల చుడీదారు లైనింగు కోసం వచ్చింది. డిజైను కోర్సు రెండో సంవత్సరం. చేతిలో ఫోను, ముక్కున పుడక, మాటలో తొందర.

"ఆంటీ, మీకొకటి చూపిస్తా. ఇది మా తాత హాల్లో ఉండే బొమ్మ గదా? ఇదే బొమ్మ పరాయి దేశాల మ్యూజియంలలో ఆరు ఉండాయి. చూడండి."

ఒకదాని పక్కన ఒకటి ఆరు బొమ్మలు. అవే పడవలు, అదే గొడుగు. ఆకాశాలు మాత్రం ఆరు రకాలు. ఒకదానిలో పైన ముదురు, ఒకదానిలో కింద ముదురు, ఒకదానిలో మధ్యలో కనకాంబరం చార, ఒకదానిలో అసలు ముదురే లేదు. ఆనందకుమారికి హుషారొచ్చింది. కళ్ళజోడు సవరించుకొని, "ఇది ఫస్టు. ఇది సెకండ్సు. ఇది మరీ అన్యాయం, డబ్బా కడిగిన నీళ్ళతో వేసినాడు" అని వరసగా మార్కులు వెయ్యడం మొదలుపెట్టింది.

వెన్నెల నవ్వింది. "ఫస్టూ లేదు, సెకండ్సూ లేదాంటీ. ప్రతి కాగితానికీ అచ్చుచెక్క మీద రంగు మళ్ళీ పూస్తారు, ముదురు మెల్లగా పలచబడేట్టు చేత్తో తుడుస్తారు, ఆ మీద కాగితం పెట్టి రుద్దుతారు. ముదురు యాడ పెట్టాలనేది ఆ అచ్చేసే మనిషి ఇష్టం. పొద్దున వేసింది సాయంత్రం వేసినట్టు ఉండదు. తెలిసినవాళ్ళు రెండు మూడు పక్కపక్కన పెట్టుకొని, ఆ తేడా చూసే మురిసిపోతారంట."

"అయితే లాటు తేడా కాదా?"

"లాటేంది ఆంటీ, ఇదేమన్నా పాలిస్టరా?" అని, ఆ పిల్ల చాలా మర్యాదగా అడిగింది. "మా తాతది సెకండ్సు అని చెప్పింది మీరేనంట గదా?"

మర్యాదగా అడిగితేనే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆనందకుమారి లైనింగు గుడ్డ మీటరుకు బదులు మీటరున్నర చింపేసింది.

ఆ మధ్యాహ్నం భర్తతో చెప్పుకొంది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "దానికేముంది, పొరపాటైందని చెప్పెయ్. నువ్వేమన్నా దేవుడివా?" అన్నాడు.

"చెప్తే రేపు ఎవురొస్తారయ్యా కొట్టుకి? జపాను రంగులోనే తప్పినామెకు నా చీర రంగేం తెలుసు అనరా?"

"అయితే చెప్పబాక."

"చెప్పకుండా ఎట్టుండేది? ఆ ముసలోళ్ళిద్దరూ నా మాట మీద గదా విడిపోయింది!"

"అయితే చెప్పు" అని పరంజ్యోతి మిషను తొక్కాడు. ఇట్లాంటి మొగుడితో సలహా అడగడం కంటే గోడతో అడగడం నయం అని ఆమెకు ముప్ఫై ఐదేళ్ళుగా తెలుసు, అయినా అడుగుతూనే ఉంటుంది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ, అందరి ముందూ ఒప్పుకొని బరువు దించుకుందామని నిశ్చయించుకొని లేచి నిలబడింది కూడా. ఒకసారి చుట్టూ చూసింది. ముందు వరసలో క్యాథరిన్, నెమలికంఠం జాకెట్టు. ఆ వెనక ఏంజెలిన్, బచ్చలిపండు జాకెట్టు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న జాకెట్లన్నీ తన కొట్లోవే. "నా మోకాలి నొప్పి తగ్గినందుకు ప్రభువుకు స్తోత్రం" అని చెప్పి కూర్చుంది. ఆమెకు మోకాలి నొప్పి ఎప్పుడూ లేదు. పక్కన మగవాళ్ళ వైపు నుంచి పరంజ్యోతి దగ్గడం వినపడింది.

మూడు వారాలు ఇట్లా సాగదీసింది. పాపం, ఆమె సాగదియ్యగలదు గానీ వెన్నెల ఆగే రకమా? కాలేజీలో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాలని పట్టుబట్టి, తాతతో గొడవపడి ఆయన బొమ్మ ఇచ్చేట్టు ఒప్పించింది. ధైర్యం చేసి గట్టు దాటి కామాక్షయ్య దగ్గరికే పోయింది. ఆయన "తెస్తా. కానీ మొదట ఆనందమ్మ కొట్టుకు తెస్తా. దొంగననిపించుకొన్నది ఆడ గదా" అన్నాడట. ఈ మాట చెవిన పడగానే మస్తానయ్య కూడా కండువా దులిపాడు. "నేనూ వస్తా. ఆనందమ్మతో ఇంకోసారి అందరి ముందరా చెప్పిస్తా!"

గురువారం పదకొండు గంటలకు ఇద్దరూ వచ్చారు. డెబ్బై దాటిన మనుషులు. మస్తానయ్య ఫ్రేము కట్టిన బొమ్మను దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాడు. కామాక్షయ్య తన బొమ్మను అట్టల మధ్య పెట్టి, భార్య పట్టుచీరలు పెట్టుకొనే గుడ్డసంచిలో తెచ్చాడు. ఆనందకుమారి రెండు స్టూళ్ళు వేసింది. ఒకాయన పచ్చరంగుల వైపు తిరిగి కూర్చున్నాడు, ఇంకొకాయన ఎరుపుల వైపు తిరిగి కూర్చున్నాడు. జాకెట్టు గుడ్డ కోసం వచ్చిన అంకాలమ్మను "మధ్యానం రా మే" అన్నా ఆమె కదల్లేదు. "నాకేం తొందరలేదులే, చూసి పోతా" అని గుమ్మంలో సర్దుకొని కూర్చుంది.

కౌంటరు మీద బొమ్మలు రెండూ పరిచారు. కామాక్షయ్యది నిన్న అచ్చేసినట్టుంది. మస్తానయ్యది చూస్తే జాలేస్తుంది. ఆకాశం గంజిరంగు, సముద్రం గంజిరంగు, ఎర్ర గొడుగు ఉల్లిపొర రంగుకు దిగిపోయింది.

"చూడండమ్మా చూడండి!" అన్నాడు మస్తానయ్య. కళ్ళలో వెలుగు. "అప్పటికన్నా ఇంకా అధ్వానమైంది. సెకండ్సు రంగు నిలుస్తుందా? ఆనందమ్మ ఆ పొద్దే చెప్పింది."

ఆనందకుమారి చేతులు వాటి అలవాటు ప్రకారం అవి రెండు బొమ్మలూ ఎత్తేశాయి. కాళ్ళు వాటి అలవాటు ప్రకారం గుమ్మం వైపు నడిచాయి. వెన్నెల ఒక్క గెంతు గెంతి అడ్డం నిలబడింది. "ఎండలోకొద్దాంటీ! ఎండే గదా దాని రంగంతా తినేసింది!"

ఒక కాలు లోపల, ఒక కాలు వసారాలో పెట్టి ఆనందకుమారి ఆగిపోయింది. "మస్తానయ్యన్నా, దీన్ని యాడ తగిలించినావు?"

"హాల్లో. తూర్పు కిటికీకి ఎదురుగా. వచ్చినోళ్ళకి కనపడొద్దా నాకు జరిగిన అన్యాయం?"

ఇరవై ఏడేళ్ళ పొద్దుటెండ. ఆనందకుమారి వెనక్కొచ్చి ఫ్రేము తిరగేసింది. పాత చీరకు జాకెట్టు కావాలని వచ్చినప్పుడు ఆమె చేసే పని ఒకటుంది. వెలిసిపోయిన అంచును నమ్మదు. ఫాల్ కుట్టు నాలుగు పోగులు విప్పి, దాని కింద చూస్తుంది. ఎండా సబ్బూ తగలని అసలు రంగు అక్కడ దాక్కొని ఉంటుంది. ఈ బొమ్మకు ఫాల్ లేదు గానీ, ఫ్రేము కట్టినవాడు చుట్టూ వేసిన అట్ట బొమ్మ మీదికి వేలెడు ఎక్కి ఉంది.

"ఏమయ్యా, బ్లేడు ఇట్టియ్యి."

పరంజ్యోతి ఇచ్చాడు. మేకులు ఊడదీసి, మెల్లగా అట్ట లేపింది. ఎడమ పక్కన పైనుంచి కిందిదాకా వేలెడు వెడల్పున పాత రంగు బయటపడింది. పైన ఆకాశం పలచనే. తను చెప్పింది నిజమే. కళ్ళు కిందికి దించింది. పడవల కింద సముద్రం నేరేడుపండు రంగు. ఎంత నిండు రంగంటే, వేలు పెడితే అంటుకుంటుందేమోనన్నంత. గబగబా కామాక్షయ్య బొమ్మ చూసింది. అక్కడ ఆకాశం నెమలికంఠమే గానీ, సముద్రం బియ్యం కడిగిన నీళ్ళు. అచ్చేసిన మనిషి ఒక కాగితంలో ముదురును పైన పెట్టాడు, ఇంకో కాగితంలో కింద పెట్టాడు. రంగు ఎవరికీ తక్కువ పొయ్యలేదు.

ఆ పొద్దు తను కింద చూడలేదు. అంచు చూసింది, ఒళ్ళు చూడలేదు. అంతే జరిగింది.

ఇంకా ఎవరికీ అర్థం కాలేదు. మస్తానయ్య కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చాడు. వెన్నెల ఫోనుతో ఏదో తంటాలు పడుతోంది. అట్ట మళ్ళీ మూసి, నాలుగు మేకులు కొట్టి, "అన్నా, ఆ పొద్దు చెప్పిందే మాట" అంటే సరిపోతుంది, ముసలాయన మురిసిపోతాడు, పేరు పేరుగానే ఉంటుంది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. రాలేదని నేను అబద్ధం చెప్పను. అట్టను ఊడబీకి కౌంటరు మీద పడేసింది.

"కామాక్షయ్యన్నా, మస్తానయ్యన్నా. ఆ పొద్దు నేను చెప్పింది తప్పు."

వసారాలో మిషను ఆగిపోయింది.

"చీర అంచు చూసినట్టు పైన ఒక్కటే చూసి చెప్పినా. కింద చూళ్ళేదు. రెండూ మంచి బొమ్మలే. సెకండ్సు కాదు. నువ్వే ఎండలో పెట్టి పాడు చేసుకున్నావు గానీ, నీ సముద్రం లాంటి సముద్రం వాళ్ళ మ్యూజియంలలో కూడా లేదు."

మస్తానయ్య నవ్వాడు. "ఏందమ్మా నువ్వు, ఎగతాళా? నీ కన్ను తప్పదు. ఊరంతా చెప్పుద్ది."

"తప్పిందన్నా."

"మళ్ళా చూడు."

"చూసినా."

"ఇంకోసారి చూడు తల్లీ" అన్నాడాయన. ఈసారి నవ్వు లేదు. ఆమె తప్పయితే ఇరవై ఏడేళ్ళు తనవి తప్పు. అంత పెద్ద తప్పును ఆ వయసులో ఎక్కడ పెట్టుకుంటాడు మనిషి? అందుకే ఆమె పేరును ఆమెకంటే గట్టిగా పట్టుకొని వేళ్ళాడుతున్నాడు.

గుమ్మంలోంచి అంకాలమ్మ లేచింది. "అయితే నిరుడు నాకిచ్చిన వంగపండు రంగు జాకెట్టు గూడా తప్పేనా? నేనప్పుడే అనుకున్నా మే, కొంచెం ఎరుపు కొడుతుండాదని!"

ఇంకో రోజయితే అంకాలమ్మ బతికి బట్టకట్టేది కాదు. ఆనందకుమారి "అయుండొచ్చక్కా. తీసుకురా, చూద్దాం" అంది. అంకాలమ్మ నోరు వెళ్ళబెట్టి మళ్ళీ కూర్చుంది.

అప్పుడు మొదటిసారి కామాక్షయ్య స్టూలు మీద ఇటు తిరిగాడు. "నాకు తెలుసులే" అన్నాడు.

"ఏంది తెలిసేది?" అని మస్తానయ్య ఆయన్నే అడిగాడు. ఇన్నేళ్ళకు నేరుగా అడిగిన మొదటి మాట అదని ఆయనకే తెలియలేదు.

"జపానాయన రెండూ నా చేతికే గదా ఇచ్చింది. ఇంట్లో చాప మీద పరిచి చూసినా. ఒకదాన్లో ఆకాశం బాగుండాది, ఒకదాన్లో సముద్రం బాగుండాది. నీకు సముద్రమంటే పిచ్చి గదా, పొద్దస్తమానం గట్టు మీద నిలబడి చూసేవాడివి. అది నీకు తీసిపెట్టి, ఇది నేను ఉంచుకొన్నా."

"ఏరి ఇచ్చినావా? నాకు?"

"ఏరే ఇచ్చినా."

"ఆ మాట చెప్పొచ్చు గదరా!"

"చెప్పే లోపలే దొంగా అన్నావు. ఆనందమ్మనడిగినావు, ఊరందర్నీ అడిగినావు. నన్నడిగినావా?"

ఆనందకుమారికి ఏడుపు ముంచుకొచ్చింది. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకొంది, దిగలేదు. తనను నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఇద్దరిలో ఒక్కరూ తిట్టలేదు.

వెన్నెల ముక్కు చీది, ఏదో ఒకటి మాట్లాడాలని, "అయితే ఆంటీ, ఇప్పుడు చెప్పండి, రెండిట్లో ఏది మేలు?" అంది. ముసలివాళ్ళిద్దరూ కూడా అలవాటుగా ఆమె మొహం వైపే చూశారు.

"నేను చెప్పను" అంది ఆనందకుమారి. "ఎవురి కళ్ళు వాళ్ళకుండాయి. మీరే చూసుకోండి." ఆ కొట్లో ఆ మాట ఉత్త మర్యాదకు కాకుండా పుట్టడం అదే మొదలు.

కామాక్షయ్య తన కళ్ళజోడు తీసి మస్తానయ్యకిచ్చాడు. మస్తానయ్య దాన్ని తుడిచి పెట్టుకొని, స్టూలు జరుపుకొని, కౌంటరు మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. "నీ ఆకాశమే బాగుందిరా" అన్నాడు. "నోర్ముయ్, నీ సముద్రం ముందు అదెంత" అన్నాడు కామాక్షయ్య. "నీకు కళ్ళజోడు లేదు, నీకేం కనపడుద్ది?" "ఇది నా బొమ్మ, నాకు కళ్ళు మూసుకొన్నా కనపడుద్ది." ఇట్లా ఎదుటివాడిదే బాగుందని కొట్లాడుకుంటూ ఇద్దరూ అరగంట కూర్చున్నారు. అంకాలమ్మ రెండు వైపులా వత్తాసు పలికింది.

కొట్లాట ఎందుకో ఆగింది. మస్తానయ్య బొమ్మ మీదినుంచి తలెత్తకుండా అన్నాడు. "వెంకటశేషమ్మ పోయినప్పుడు నేను రాలేదురా."

వెంకటశేషమ్మ కామాక్షయ్య భార్య. పోయి నాలుగేళ్ళయింది. ఆ ఇద్దరికీ ఒకే క్యారియరులో అన్నం కట్టి పంపింది ఆమే.

"వచ్చినావు" అన్నాడు కామాక్షయ్య. "వీధి చివర కరెంటు స్తంభం కాడ నిలబడి ఉండావు. శవాన్ని ఎత్తిందాకా ఉండి పోయినావు. నేను చూసినా."

"చూసి పిలవలేదేందిరా?"

"పిలిస్తే వస్తావని నాకు తెలీలేదురా."

ఆనందకుమారి అరల వైపు తిరిగి, సర్దిన తానులనే మళ్ళీ సర్దింది. ఏ రంగు ఎక్కడ పెడుతుందో ఆమెకు కనపడలేదు. పరంజ్యోతి మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, ఒక్క జోకూ వెయ్యకుండా ఆమె భుజం మీద చెయ్యి వేసి, అందరికీ టీ చెప్పడానికి వెళ్ళాడు.